అందరికీ అరవై

ఆ ఉదయం గణపతిరావు పెట్టుకున్న పని ఒక్కటే. సంచీ పట్టుకుని బజారుకెళ్లి మంచి చేప తేవాలి. కూతురు హేమశ్రీకి సర్క్యూట్ల పరీక్ష మార్కులొచ్చే రోజు మరి! అందులో ఎ గ్రేడు వస్తే ఆ పిల్ల కోరుకున్న ఎలక్ట్రికల్ బ్రాంచికి మారవచ్చు. రాకపోతే ఇష్టంలేని సివిల్‌లోనే చచ్చీచెడీ చదవాలి.

హేమశ్రీ ఫోను చూసుకుని ఎగిరి గంతేసింది.

"నలభై రెండు నాన్నా!"

"ఎంతకి?"

"వందకి."

గణపతిరావు చేతిలో సంచీ జారిపోయింది. "నలభై రెండుకి గెంతుతావేటే? మా రైల్వే వర్క్‌షాపు ట్రేడ్ టెస్టులో అరవై రాపోతే ఫెయిలే!"

"మాకలా కాదు నాన్నా. ఎంతొచ్చిందని కాదు, క్లాసులో ఎవరి కంటే ఎవరు... అమ్మో, టైమైపోయింది! సాయంత్రం చెప్తాను." సైకిలెక్కి కాలేజీకి వెళ్లిపోయింది.

గణపతిరావుకు ప్రాణం ఉసూరుమంది. పాపం, పిల్ల పైకి నవ్వుతోంది గానీ లోపల ఎంత కుమిలిపోతోందో అనుకున్నాడు. "అది నవ్వుతుంటే నీకేటయ్యా ఏడుపు?" అని భార్య వరలక్ష్మి అడ్డుపడినా వినలేదు. వర్క్‌షాపు మనిషికి కష్టమొస్తే వెళ్లే చోటు యూనియన్ నాయకుడి ఇల్లే. తిన్నగా న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఉండే నాయకుడు నూకరాజు దగ్గరికి పోయాడు.

నూకరాజు అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్క పిల్లకి అడిగితే సిఫార్సు అవుతాది గణపతీ. అందరికీ అడిగితే డిమాండు అవుతాది. మనం డిమాండే సేద్దాం."

సాయంత్రానికి కాలేజీ గేటు ముందు జెండాలు లేచాయి. ట్రాఫిక్ కాలనీ నుంచి వచ్చిన కార్మికుల్లో సగం మంది అది బోనస్ గొడవనుకున్నారు. అయినా నూకరాజు "అందరికీ అరవై ఇవ్వాలి!" అని అరవగానే "ఇవ్వాలి! ఇవ్వాలి!" అంటూ గొంతు కలిపారు. ఆ మాట చెవినపడి, బొటాబొటి మార్కులొచ్చిన కుర్రాళ్లు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి "కాకూ జిందాబాద్!" అని బెంగాలీలో బాబాయిని చేసేసి గణపతిరావును భుజాలకెత్తుకున్నారు.

సర్క్యూట్లు చెప్పే తబిత మేడమ్ గేటు దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని అంతా విన్నది.

"ఠీక్ హై. అందరికీ అరవై ఇస్తాను. నా క్లాసులో ఒకరితో ఒకరిని పోల్చి గ్రేడు వేస్తాను. అందరూ సమానమైతే అందరికీ ఒకటే గ్రేడు, సి."

గుంపును తోసుకుంటూ హేమశ్రీ వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"ఏటి చేసినావు నాన్నా! నలభై రెండే క్లాసు ఫస్టు. నా తరవాత వాళ్లకి ముప్పయ్యే. ఎ నాకే వచ్చేది!"

గణపతిరావు కుర్రాళ్ల భుజాల మీద నుంచే కేకేశాడు. "నూకరాజన్నా, డిమాండు దించేయ్!"

"గేటు కాడ ఎత్తిన డిమాండు దించిన సరిత్ర మన యూనియన్‌కి నేదు!"

"అయితే నీ డిమాండు మీద నేనే స్ట్రైకు!" కిందికి దూకి గేటుకు అడ్డంగా చతికిలబడ్డాడు. "నా కూతురికి నలభై రెండే కావాలి! అరవై వద్దు!"

వెనకున్న జనం అలవాటు కొద్దీ అందుకున్నారు. "వద్దు! వద్దు!"

తబిత మేడమ్ నవ్వాపుకుంది. "మీవాళ్లే వద్దంటున్నారు కదా నూకరాజుగారూ. పాత మార్కులే ఉంచుతాను."

కుర్రాళ్లు ఉసూరుమంటూ చెదిరిపోయారు. తండ్రీకూతుళ్లు సైకిలు నడిపించుకుంటూ ఇంటిదారి పట్టారు.

"నీ కోసమే కదమ్మా..."

"తెలుసు నాన్నా. అందుకే తిట్టలేకపోతున్నాను. ఇప్పుడైనా నన్ను పూర్తిగా చెప్పనీ." దారి పొడుగునా వివరించింది. గణపతిరావు బుద్ధిగా విన్నాడు, ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు కూడా.

ఆ తరవాతి పరీక్ష మార్కులొచ్చిన ఉదయం ఆయన మళ్లీ చేపకు బయలుదేరుతున్నాడు.

"తొంభై ఒకటి నాన్నా!"

గణపతిరావు చేతిలో సంచీ జారిపోయింది.

"ఓలమ్మో! మిగతావోళ్లకి ఎంతెంత?"