పెట్రోలు తాగని ఎర్ర కారు

ఆ ఆదివారం ఉదయం నుమాజిరి యోషియాకిగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మిసో పులుసు తాగడం, తన రెండు కార్లనూ ఒకదాని తర్వాత ఒకటి బంకుకు తీసుకెళ్ళి ట్యాంకులు మెడదాకా నింపించడం, నెల పాటు సెలవు రోజుల్లో రెండింటినీ ఒకే కొండ దారిలో తిప్పడం, నెలాఖరున మళ్ళీ నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగించడం. మూడో తరగతి పిల్లలు చేసే లెక్క. దాని మూలంగా సుజాకా ఊళ్ళో లేచిన గొడవ మాత్రం పెద్దవాళ్ళు కూడా సర్దలేకపోయారు.

రెండు కార్లూ నిజానికి ఒకటే కారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, పైకప్పు మడిచేసి తిరిగే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎర్రది ముప్పై ఏళ్ళ నాటిది, పెళ్ళికి ముందు కొన్నది. మీట నొక్కితే హెడ్‌లైట్లు కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. బూడిద రంగుది కొత్త తరం. చిన్న ఇంజిను, తక్కువ తాగుడు. ఒకే కారు రెండుసార్లు ఎందుకు కొన్నారని ఎవరైనా అడిగితే "అది వేరు, ఇది వేరు" అంటారాయన. ఆయన భార్య ఫుసయేకు ఆ వేరు ఏమిటో ఇన్నేళ్ళుగా అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని ఆవిడ ప్రయత్నించనూ లేదు.

చిక్కంతా ఇంటి ముందు చోటుతో వచ్చింది. మూడు బళ్ళు పడతాయి. ఆయనవి రెండు, ఫుసయేది ఒకటి. ఇప్పుడు ఫుసయే వాళ్ళమ్మ మిత్సుయోగారు, కొండ మీద యాపిల్ తోట అమ్మేసి, కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆవిడతో పాటు, తోటలో బుట్టలు మోసిన ఆవిడ బుల్లి తెల్ల ట్రక్కూ వచ్చింది. "ట్రక్కు లేని చోట నేనుండను" అని ముందే చెప్పారావిడ. ప్రస్తుతానికి దాన్ని స్టేషను అవతల అద్దె చోటులో పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచి ఆవిడ ట్రక్కు తెచ్చుకోవడం ఎన్నాళ్ళు?

"ఏమండీ, మీ రెండింట్లో ఒకటి అమ్మేయాలి. ఏది ఎక్కువ తాగితే అది" అంది ఫుసయే.

"తాగుడొక్కటే చూస్తే ఎలా ఫుసయే?"

"పిల్లనిచ్చేటప్పుడు మనిషికే అది చూస్తారు. కారుకు చూడకూడదా?"

నుమాజిరిగారు సరేనన్నారు. అన్నారే గానీ, కిటికీలోంచి ఎర్రదాని వైపే చూశారు. ఎర్రది ఓడుతుందని ఆయనకు తెలుసు. ఆయన ప్రాణమంతా ఎర్రదాని మీదే. అయినా అబద్ధపు లెక్క చెప్పడం ఆయన వల్ల కాదు. ఊరి నీటి సరఫరా ఆఫీసులో ఆయన పని, వదిలిన నీటికీ ఇళ్ళకు చేరిన నీటికీ తేడా చూసి, గొట్టం ఎక్కడ కారుతోందో పట్టుకోవడం. రోజూ సైకిలు మీద వెళ్ళి ఊరి నీటి లెక్క చూసే మనిషి సొంత ఇంట్లో దొంగలెక్క ఎలా రాస్తాడు?

నెల తిరిగింది. బంకులో పనిచేసే హోషినా మొదట బూడిద కారు నింపాడు. లీటరుకు పదిహేడు కిలోమీటర్లు తేలింది. మంచి లెక్కే. నుమాజిరిగారు నిట్టూర్చి, ఇంటికెళ్ళి, బలి పశువును తోలుకొచ్చినట్టు ఎర్రదాన్ని తీసుకొచ్చారు. హోషినా గొట్టం పెట్టాడు. టక్కుమని ఆగిపోయింది.

"అయిపోయింది సార్."

"ఏమైపోయింది?"

"నిండిపోయింది."

"నువ్వింకా మొదలే పెట్టలేదు కదయ్యా!"

"నేను పెట్టాను సార్. ట్యాంకే వద్దంటోంది."

ఎర్రదాని దూరం మీటరు ఏళ్ళ క్రితమే ఆగిపోయింది; తను తిరిగిన కొండ దారి దూరాన్నే భాగిస్తే లీటరుకు తొంభై దాటింది. మోపెడ్‌కు కూడా అంత రాదు. నుమాజిరిగారు అక్కడే నిలబడి మళ్ళీ భాగించారు, తర్వాత గుణించి చూశారు, ఆఖరికి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చారు. తేడా రాలేదు. పెట్రోలు ముల్లు నెలంతా 'ఫుల్' దగ్గరే ఉండటం ఆయన చూడకపోలేదు. పాత బండి కదా, ముల్లు ఇరుక్కుపోయిందనుకున్నారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన నోరు విప్పారు. "ఎర్ర కారు ఎందుకో ఈ మధ్య చాలా బాగా నడుస్తోంది."

"బంగారం లాంటి బండి" అన్నారు మిత్సుయోగారు, ఊరవేసిన ఆకుకూర ఆయన వైపు జరుపుతూ. "ఎత్తు కూడా హాయిగా ఎక్కుతుంది."

అత్తగారు కూడా తన కారును మెచ్చుకుంటున్నారని ఆయన పొంగిపోయారు. ఆ ఊపులోనే భార్యతో, "అన్నట్టు, డిక్కీలో యాపిల్స్ చాలా తియ్యగా ఉన్నాయి" అన్నారు. ఫుసయేకు ఏ యాపిల్సో తెలియలేదు. అమ్మ ఇచ్చి ఉంటుందనుకుని ఊరుకుంది. మిత్సుయోగారు మాత్రం చాప మీద చేతులానించి, వినయంగా తల వంచారు. అల్లుడుగారు కూడా ఎందుకైనా మంచిదని తల వంచారు.

ఆ రోజు నుంచి నుమాజిరిగారి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఈ లెక్కను నమ్మితే ఎర్ర కారు మిగులుతుంది. నమ్మకపోతే పోతుంది. నమ్మాలనే ఉంది, కానీ ముప్పై ఏళ్ళ ఉద్యోగం నమ్మనివ్వడం లేదు. లేని నీరు ఎక్కడికి పోయిందో వెతకడం ఆయనకు వచ్చు; ఉండకూడని పెట్రోలు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం ఎవరూ నేర్పలేదు. కారు కింద దూరి చూశారు. ట్యాంకును వేలితో కొట్టి చూశారు. ఓ రోజు బూడిద కారులోంచి ఎర్రదానిలోకి పెట్రోలు కారుతోందేమోనని రెండింటి మధ్యా నేల తడిమి చూస్తుంటే ఫుసయే చూసింది.

"ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు."

"ఏం లేనిదాన్ని బోర్లా పడుకుని వెతుకుతారా?"

రెండో నెలా అదే కథ. ఆ లెక్క ఎవరికీ చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆ కారు యజమానుల క్లబ్బు నెలనెలా కలిసేటప్పుడు ఎవరి మైలేజీ వాళ్ళు చెప్పడం ఆనవాయితీ. అడిగితే అబద్ధం ఆడలేక, నేల చూపులు చూస్తూ చెప్పేశారు. క్లబ్బు అధ్యక్షుడు మదరామే విశ్రాంత హెడ్మాస్టరు. ఆయనది అదే కారులో ఖరీదైన రకం: పెద్ద ఇంజిను, ఇనుప కప్పు. రోడ్డు మీద ఏ రకం తక్కువ తాగుతుందన్న వాదన ఆ క్లబ్బులో ఏళ్ళ తరబడి నడుస్తోంది. తన బండికి పదమూడు వస్తుందని ఆయన గర్వంగా చెప్పుకుంటారు. తొంభై అనగానే ఆయన చేతిలో కాఫీ ఒలికింది.

"నుమాజిరి గారూ, దశాంశ బిందువు ఎక్కడైనా జారిపోయిందేమో."

"వెతికానండీ. జారలేదు."

"మరి ట్యాంకులో ఏం పోస్తున్నారు?"

"ఏమీ పోయడం లేదు. నా భయం కూడా అదే."

మాట తప్పించడానికి డిక్కీలో మళ్ళీ కనబడిన యాపిల్స్ అందరికీ పంచారు. ఇవెక్కడివని ఎవరో అడిగితే, తనకూ తెలియదని నిజం చెప్పారు. మదరామేగారు ఒకటి కొరికి, "బాగుంది. మీ కారు పెట్రోలు ఊరిస్తుంది, పళ్ళు కూడా కాస్తుంది. మా బళ్ళన్నీ గొడ్డుబోయినవే పాపం" అన్నారు.

గోరంత సంగతి వారంలో కొండంత అయింది. ఎర్ర కారు అద్దానికి వేలాడే గుడి తాయెత్తే ఇందుకు కారణమని ఒకాయన తేల్చి, అదే గుడికి వెళ్ళి అదే తాయెత్తు తెచ్చుకున్నాడు. ఇంకొకాయన ఇంజిను ఆయిలు వాసన చూస్తానని ఇంటికొచ్చి, చూసి, మరో చుక్క అడిగి పట్టుకెళ్ళాడు. క్లబ్బులో సగం మంది ఆయన్ని మహానుభావుడన్నారు, సగం మంది మోసగాడన్నారు. తనేమిటో నుమాజిరిగారికే తెలియలేదు. ఆఖరికి మదరామేగారు బహిరంగ పరీక్ష పెట్టించారు. మూడు రకాలూ ఒకే బంకులో నింపాలి, మూతలకు టేపు అంటించి దాని మీద సంతకానికి బదులుగా అధ్యక్షుడి ఇంటిపేరు ముద్ర కొట్టాలి, శనివారం నోజిరి సరస్సు దాకా కొండ దారి, ఆదివారం ఊళ్ళో సిగ్నళ్ళ దారి, ఆ తర్వాత అందరి ఎదుటా టేపు తీసి నింపాలి.

"ఈ లెక్కే ఆఖరు" అంది ఫుసయే. "ఓడిన దాన్ని సోమవారం అమ్మేద్దాం."

శనివారం బూడిద కారును ఫుసయే నడిపింది. ఎర్ర కారు ఎక్కడా తడబడలేదు. కప్పు తీసేసి, ఎర్రబారిన కొండల మధ్య నడుపుతూ, ఇదే ఆఖరి ప్రయాణమేమోనని నుమాజిరిగారు కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రం కారు ఇంటి దగ్గర పెట్టి, ఫుసయేతో కలిసి క్లబ్బు వాళ్ళ విందుకు నడిచి వెళ్ళారు. సోబా నూడిల్స్ సగంలోనే వదిలేశారు.

ఆదివారం మధ్యాహ్నం బంకులో పెళ్ళివారి సందడి. బూడిద కారుకు లీటరుకు పదహారు. ఇనుప కప్పు కారుకు పదకొండు. మదరామేగారు ఆకాశం వైపు చూశారు. తర్వాత హోషినా ఎర్రదాని టేపు తీసి గొట్టం పెట్టాడు. నుమాజిరిగారు కళ్ళు మూసుకున్నారు. మీటరు కాస్త కదిలి, టక్కుమంది.

అందరూ ముక్కున వేలేసుకున్నారు. తాయెత్తు కొన్నాయన చప్పట్లు కొట్టాడు. మదరామేగారు మాత్రం వంగి, హోషినా కింద పడేసిన టేపు తీసి, కళ్ళజోడు పైకి నెట్టారు.

"ఇది నా టేపు కాదే. నాది తెల్లది. దీని మీద పూలున్నాయి."

"ముద్ర ఉందా?" అన్నారెవరో.

"ఉంది. నాది కాదు. కోయాసు అని ఉంది. ఈ కోయాసు ఎవరు?"

ఫుసయే ముందుకొచ్చి చూసింది. ఆవిడ మొహంలో రంగు మారింది. "కోయాసు మా పుట్టింటి పేరు. అది మా అమ్మ ముద్ర."

మూడు స్పోర్ట్స్ కార్లూ, వాటి వెనక మిగిలిన క్లబ్బంతా ఊరేగింపుగా ఇంటికొచ్చింది. మిత్సుయోగారు వసారాలో కూర్చుని, ఎండబెట్టడానికి పెర్సిమన్ పళ్ళు చెక్కు తీస్తున్నారు. మదరామేగారి చేతిలో టేపు చూసి కత్తి పక్కన పెట్టి తల వంచారు.

"అయ్యో, ఆ టేపు మీదా బాబూ? క్షమించాలి. నిన్న మీరంతా విందుకెళ్ళాక కొండ మీది బంకులో పెట్రోలు కొట్టించేటప్పుడు చినిగిపోయింది. తెల్లది దొరక్క ఇంట్లో ఉన్నవాటిల్లో మంచిది అంటించాను. చింపింది నేనేనని తెలియాలిగా, అందుకే ముద్ర వేశాను."

"అత్తయ్యగారూ, మీరు నా కారు నడుపుతున్నారా?" అన్నారు నుమాజిరిగారు.

"ఇదేం ప్రశ్న అల్లుడుగారూ? మీకు తెలుసుగా!"

"నాకెలా తెలుస్తుంది?"

"ట్రక్కు స్టేషను అవతల ఉందాయె. ఈ మోకాళ్ళతో అంత దూరం ఎక్కడ నడవను? తాళం గుమ్మంలోనే ఉంటుంది కదాని, మీరు ఆఫీసుకెళ్ళాక పైనున్న వేడినీళ్ళ స్నానాలకు వెళ్ళొస్తున్నాను. ఒకరి బండి వాడుకుంటే, వాడింది చెంచాడైనా సరే, ట్యాంకు నింపి ఇవ్వాలి కదా. ఒట్టి పెట్రోలు మాత్రమే ఇస్తే ఏం బాగుంటుందని స్నానాల దగ్గర స్నేహితురాళ్ళు ఇచ్చిన యాపిల్స్ కూడా పెట్టాను. మీరు భోజనాల దగ్గర నా ఎదుటే బాగున్నాయన్నారు, నేను దణ్ణం పెట్టాను, మీరూ పెట్టారు. ఇంకెలా చెప్పాలి బాబూ, దండోరా వేయించాలా?"

తాయెత్తు కొన్నాయన నెమ్మదిగా దాన్ని జేబులోకి తోసేశాడు.

"నిన్న ఎన్ని లీటర్లు పట్టిందండీ?" అన్నారు మదరామేగారు, ఇంకా ఆశ చావక.

"ఏమో బాబూ. ఫుల్ అన్నాను. మర్యాదకు మీటరేమిటి?"

నుమాజిరిగారు కారు దగ్గరికెళ్ళి, ఎర్ర తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇంకో పరీక్ష అడగొచ్చు. ఇంకో నెల గడువు అడగొచ్చు. అడిగితే ఇస్తారు కూడా. కానీ ఆయనకు సిగ్గేసింది.

"ఇక లెక్కలు వద్దు ఫుసయే. ఇది ఎక్కువ తాగుతుందని నాకు ముందే తెలుసు. మాటంటే మాటే. రేపు ఎర్రదాన్నే అమ్మేద్దాం" అన్నారు. చివరి మాట సరిగ్గా వినబడలేదు.

"ఎర్రదాన్ని అమ్మడమా?" మిత్సుయోగారు మోకాళ్ళు మరిచిపోయి లేచి నిలబడ్డారు. "ఎందుకు?"

"నీ ట్రక్కుకు చోటు కోసమేనమ్మా" అంది ఫుసయే.

"ఆ డొక్కు ట్రక్కుకా? దాంట్లో హీటరు కూడా లేదే! దాన్నే అమ్మేయండి."

"ట్రక్కు లేని చోట ఉండనని నువ్వే కదా అన్నావు!"

"అప్పటికి నేను ఎర్ర కారు నడిపి చూశానా?"

సోమవారం ట్రక్కు వెళ్ళిపోయింది. నుమాజిరిగారు ఆనందం పట్టలేక అత్తగారికి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టారు. నాలుగోసారి వంగినప్పుడు ఆవిడ ఎర్ర కారు తాళం తన నడుముకు కట్టుకోవడం కనిపించింది. మదరామేగారు ఆవిడను స్వయంగా క్లబ్బులో చేర్చుకున్నారు. వారమంతా బండి ఆవిడదే. ఆదివారం ఆవిడకు పని లేకపోతే, అడిగితే, అల్లుడికి ఇస్తారు.

మంచు పడే రోజులు వచ్చాక ఒక ఉదయం మిత్సుయోగారు కూతుర్ని పక్కకు పిలిచారు. "మీ ఆయన మంచివాడే, కాదనను. కానీ ఆయన తీసుకెళ్ళిన రోజున బండి మరీ తాగుతోందే. కాస్త మెల్లగా నడపమని చెప్పు."

ఆ లెక్క ఎలా కట్టారని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.