మంత్రిగారి పేరు పెట్టిన పచ్చదోమ

మా ఊరు తుర్విహాళలో ఎవరినైనా అడగండి, నా నోట అబద్ధం రాదంటారు. ఈ కథలోనూ ఒక్క ముక్క కల్పన లేదు.

మా ఊరికి కాలువ నీళ్ళు వచ్చిన పదో ఏడు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ శేషయ్య వరికి పచ్చదోమ పట్టింది. ఈ పంట పోతే వచ్చిన బండిమీదే తిరుగు ప్రయాణం. మందు ఇప్పించమని అర్జీ పెట్టుకుంటే, పురుగుల ఆఫీసరు శివరామకృష్ణయ్యగారు స్వయంగా భూతద్దంతో వేంచేశారు. ఒక మగదోమను పట్టి, పొట్ట కోసి, కొసభాగాన్ని క్షారంలో ఉడికించి, మూడు రోజులు బొమ్మలు గీసి ప్రకటించారు:

"శేషయ్యా, నీ చేను తరించింది! మిగతా దోమలకు కుడికి తిరిగే లోపలి కొక్కెం దీనికి ఎడమకు తిరిగింది. ఇది లోకంలో ఎక్కడా లేని కొత్త జాతి!"

"సంతోషమండీ. మరి మందో?"

"జాబితాలో ఉన్న పురుగులకే మందు. దీనికింకా పేరే లేదు గదయ్యా!"

పేరు వ్యవసాయ మంత్రిగారిదే పెట్టారు. సన్మానానికి మంత్రిగారు గట్టుమీదికే వచ్చారు. దోమ మెడలో దండ నిలవదు గనక తామే వేసుకున్నారు.

"దీనికీ నాకూ పోలిక ఎక్కడయ్యా?"

"పైకి అన్నిటిలాగే ఉంటుంది సార్. కోస్తేనే తేడా తెలుస్తుంది."

నాట్ల కూలీ అయ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మాకైతే కొయ్యకున్నా తెలుస్తది సారూ. పచ్చగున్నకాడ వాలుతది, రసం తాగుతది, ఎండంగనే పక్క మడికి దుంకుతది."

"ఎంత సైన్సు!" అని మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

దోమ జాబితాకెక్కింది. గుమాస్తా మందుకు ఆర్డరు రాశాడు: 'ఫలానా మంత్రిగారిని వేళ్ళతో సహా నిర్మూలించవలెను.' చదివినవాడల్లా కలం మూసేశాడు. సంతకం ఎవరు పెడతారు? ఫైలు ఒక బల్లమీంచి ఇంకో బల్లమీదికి గెంతుతూనే ఉంది. చేను సగం ఎర్రబారింది.

శేషయ్య ఆఫీసుకు పరుగెత్తాడు. "అయ్యా, ఆ పేరు తీసేసి నా పేరు పెట్టండి! నన్ను చంపమంటే ఎవరడ్డొస్తారండీ?"

ఆఫీసరుగారి కళ్ళు చెమర్చాయి. ఆ పూటే పేరు మారింది. 'శేషయ్యను వేళ్ళతో సహా నిర్మూలించవలెను' అన్న ఆర్డరుమీద గంటలో పదకొండు సంతకాలు పడ్డాయి. మర్నాడే మందు వచ్చింది. పంట నిలిచింది.

కల్పన లేదన్నాను గదా. ఉంది, ఒక్కచోటే. మందు రావడం, పంట నిలవడం నేను పెట్టినవి. ఆ పదకొండు సంతకాలు మాత్రం నిజం.