టవలు కింద ఇంటి లోను

చెబితే నమ్మరు గానీ, మా బావ నాగప్పకు ఏ పనైనా నేరుగా చేయడమంటే అసహ్యం. మధ్యలో ఒక మనిషి ఉండి తీరాలి. మా ఊళ్ళో మా ఇల్లు వాళ్ళింటికి రెండు వీధుల అవతల. మా అక్క యమునను చిన్నప్పటి నుంచి చూస్తూనే పెరిగాడు. అయినా పెళ్ళిచూపులకు బి.కొత్తకోట నుంచి ఒక పెళ్ళిళ్ళ పేరయ్యను పిలిపించుకుని, అతని వెనకాల నడిచి వచ్చాడు. మా నాన్న ఆ రోజే అనుమానపడి ఉండాల్సింది.

పూర్తిగా ఆయన తప్పు కూడా కాదులెండి. చేసే వ్యాపారం అలాంటిది. తంబళ్లపల్లె వైపు గొర్రెలు కొని పుంగనూరు సంతలో అమ్ముతాడు. సంతలో ధర పైకి చెప్పరు. దళారి చేతుల మీద టవలు కప్పి, దాని కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. ఇన్నేళ్ళూ ఆ టవలు కిందే బతికిన మనిషికి వెలుతురులో పని చేయమంటే కళ్ళు చెదురుతాయి.

ఇప్పుడు ఇంటి సంగతి. మదనపల్లెలో వాళ్ళున్న బాడుగ ఇంటి ఓనరు రంగప్ప. అక్క రెండో బిందె పెట్టగానే మోటారు ఆపేసే మహానుభావుడు. ఉగాదిలోపు ఖాళీ చేయమన్నాడు. పెళ్ళప్పుడు మా నాన్న అక్కకు ఇచ్చిన స్థలం పుంగనూరు రోడ్డులో ఉంది. పునాది కూడా వేశారు. గోడలు లేవాలంటే లోను కావాలి. ఇంకో బాడుగ ఇంట్లో కాలు పెట్టేది లేదని అక్క తేల్చి చెప్పింది. నేను విన్నాను. బావ ఫోనులో ఉన్నాడు.

బ్యాంకు ఎక్కడో లేదు, వాళ్ళ వీధి చివర్లో టీ కొట్టు పక్కనే ఉంది. అక్క టైలరింగ్ షాపు డబ్బులు పడేది అందులోనే. నేరుగా పోయి అడుగుదామంది అక్క.

"నేరుగా పోతే మనకు విలువ యాడుంటాది?" అన్నాడు బావ. "మన తరపున మాట్లాడేదానికి ఒక మనిషుండాల."

"నీకు నోరు ల్యాదా?"

"ఉండాది. అది అన్నం తినేదానికి."

ఆ సంగతి మా ఇంట్లో అందరికీ ముందే తెలుసు.

అలా వీధి చివరి బ్యాంకుకు పోవడానికి మా బావ కుప్పం బస్సెక్కాడు. పుంగనూరు, పలమనేరు దాటి సగం రోజు ప్రయాణం. అక్కడ గురుమూర్తి అనే లోన్ల బ్రోకరు ఉన్నాడు. ఒకప్పుడు సంతలో ఎద్దుల దళారి. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిపోయాక ఇళ్ళ లోన్లలోకి దిగాడు. మెడలో టవలు మాత్రం తీయలేదు. ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పిన మనిషి, ఇప్పుడు జనం మొహాలు చూసి ఎంత లోను వస్తుందో చెబుతాడు. మా బావ మొహంలో ఆయనకు లోను కంటే మంచిదే కనిపించి ఉంటుంది.

గురుమూర్తి డబ్బు ముట్టడు. అదొక నియమమట. ఫైలు కదలాలంటే ఒక పొట్టేలు పంపమన్నాడు. పోయింది. పుంగనూరులో లాయరు కాగితాలు చూడాలన్నాడు. ఇంకోటి పోయింది. పై ఆఫీసులో సంతకం ఆగిందన్నాడు. అక్క చేత్తో పెడితే తప్ప గడ్డి ముట్టని కొమ్ముల పొట్టేలు, అదీ కుప్పం వ్యాను ఎక్కింది. ఫైలు కదిలిందో లేదో గానీ మంద మాత్రం బాగా కదిలింది.

"ఆ పొట్టేళ్ళను ఆయప్ప ఫైలుకు పెడ్తాండాడా, తానే తింటాండాడా?" అని అక్క అడిగింది.

"నీకు తెలీదుమే. లోపల్లోపల పని జరగతాండాది."

అక్క ఇక మాట్లాడలేదు. మా అక్క మాట్లాడడం మానేసిందంటే నేనైతే భయపడతాను. బావ గెలిచాననుకున్నాడు.

చివరికి ఒక సోమవారం మేనేజరును కలవాలని గురుమూర్తి కబురు పెట్టాడు. అంతా మాట్లాడేశాడట. వడ్డీ బేరం ఒక్కటే మిగిలిందట. అది తానే వచ్చి తేలుస్తాడట. తానూ వస్తానని అక్క మంచి చీర కట్టుకుంది. తమాషా చూడ్డానికి నేనూ బయల్దేరాను.

బ్యాంకు ముందు నిలబడి ఫోను చేస్తే, గురుమూర్తి ఎక్కిన బస్సు పలమనేరులో చెడిపోయిందన్నాడు. సంతలో పండిన మనిషివి, నువ్వే కానిచ్చేయమని బావను ఎగదోశాడు. బావ ఛాతీ ఉబ్బింది. ఎదురుగా ఉన్న కొట్లో కొత్త టవలు కొన్నాడు.

మేనేజరు పావని గారు కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చారు. గొర్రెల సంతకూ ఆమెకూ ఏ పరిచయమూ లేదు. బావ కుర్చీలో కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, టవలు తీసి టేబుల్ మీద పరిచాడు. దాని కిందికి కుడి చేయి పోనిచ్చాడు. పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. సంతలో అలాగే చూడాలి, మొహంలో ధర కనపడకూడదు.

ఆమె కాసేపు టవలును చూసి, చేతికి దెబ్బ తగిలిందా అని అడిగారు.

"లేదు మేడమ్. మీరు గూడా పెట్టండి."

"ఏం పెట్టాలి?"

"చెయ్యి."

ఆమె బెల్లు నొక్కారు. సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చి, టవలు కింద ఏముందో తెలియక గుమ్మంలోనే ఆగి తుపాకీ సర్దుకున్నాడు. బావ గాబరాగా చేయి ముందుకు విదిల్చాడు. టవలుతో పాటు ఫైళ్ళూ, నీళ్ళ గ్లాసూ, స్టాంపు ప్యాడూ కదిలి మేనేజరు ఒళ్ళో పడ్డాయి. బయట క్యూలో ఉన్నవాళ్ళంతా అద్దానికి ముక్కులు ఆనించారు. డబ్బు కట్టడానికి వచ్చినవాళ్ళు కూడా పని మరిచిపోయారు.

"బేరం మేడమ్, వడ్డీ బేరం," అన్నాడు బావ. "గురుమూర్తి మీతో అంతా మాట్లాడినాడంట గదా."

"గురుమూర్తి ఎవరు?" అన్నారామె చీర దులుపుకుంటూ.

కంప్యూటరులో చూశారు. నాగప్ప పేరున ఫైలు లేదు, దరఖాస్తు లేదు. అసలు ఎలా ఉంటుంది? టవలు కింద చేసిన వ్యాపారానికి లెక్కల కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? బావను చూస్తే జాలి వేయాలి. నాకు వేయలేదు. ఇల్లు పోయిందే అని అక్క వైపు చూశాను. అక్క తాపీగా టేబుల్ మీద నీళ్ళు తుడుస్తోంది, ఆ కొత్త టవలుతోనే.

"యమున గారూ, మీవారంటే ఈయనేనా?" అని అడిగారు మేనేజరు, కాదంటే బాగుండునన్నట్టు.

"ఈయనే మేడమ్. ఏం చేసేది."

"అయితే సంతకం పెట్టమనండి. మీ లోను శాంక్షన్ అయింది."

బావ కుప్పం బస్సెక్కిన రోజే అక్క నడుచుకుంటూ ఆ బ్యాంకుకు వెళ్ళిందట. స్థలం ఆమె పేరున ఉంది. షాపు లెక్కలు ఆమె పేరున ఉన్నాయి. ఏటా పన్ను కాగితాలు దాఖలు చేసేదీ ఆమే. మిగిలింది భర్త సంతకం ఒక్కటే. పైగా ఆ బ్యాంకులో ఆడవాళ్ళ పేరున తీసుకుంటే వడ్డీ కొంచెం తక్కువ. మా బావ టవలు కొని మరీ తగ్గించబోయిన వడ్డీ, ఆయన పేరు లేనందువల్ల ముందే తగ్గి కూర్చుంది.

"నాకు యాల చెప్పలా?" అన్నాడు బావ, సంతకం పెట్టి బయటికొచ్చాక.

"చెప్తే దానికీ ఒక బ్రోకర్ని పెట్టుంటావు. నువ్వు కుప్పం తిరగతా ఉండావు, ఈడ నా పని నిమ్మళంగా జరిగింది."

సాయంత్రం గురుమూర్తి ఫోను చేశాడు. లోను వచ్చిందని ఎలా తెలిసిందో మరి, అంతా తన చలవేనన్నాడు. ఆఖరి పొట్టేలు పంపమన్నాడు. అక్క బావ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఇంటి లోను నేను తీసుకుంటి, పొట్టేళ్ళ లోను నువ్వు తీసుకుంటివి గురుమూర్తన్నా. నీది ఎప్పుడు కడ్తావు?"

ఆ తర్వాత ఆ నెంబరు పలకలేదు.

ఉగాదికి ముందే ఇంటికి పైకప్పు పడింది. గేటు పక్కన పేరు చెక్కించడానికి అక్క శాంతిపురం నుంచి గ్రానైటు పలక తెప్పించింది. దాని మీద తన పేరు కూడా ఉండాలని బావ కోరిక. "మీ యక్కతో నువ్వు మాట్లాడు శేఖరా" అని నా వెంట పడ్డాడు. సరేనని వెళ్ళి అడిగాను.

"ఆయన్నే వచ్చి అడగమను," అంది అక్క.

ఆయన తలుపు అవతలే ఉన్నాడు. లోపలికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"పలక మింద నా పేరు గూడా రాపిస్తావా?" అన్నాడు చివరికి.

"రాపిస్తా," అంది అక్క.

బేరం ఇప్పుడు మొదలవుతుందన్నట్టు బావ కాచుకున్నాడు. అక్క ఇంకేమీ అడగలేదు, ఏమీ తగ్గించమనలేదు.

"అంతేనా?" అన్నాడు, మోసపోయినవాడిలా.