దుర్గపాలుడి కోరం

ఆ ఆదివారం ఉదయం గిడ్డంగి సూపరింటెండెంటు గారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్లవారగానే కుక్కను రైలు వంతెన దాకా నడిపించి తీసుకురావాలి. వచ్చాక వేన్నీళ్లతో స్నానం చేయించి, బొచ్చు దువ్వి, కడుపునిండా పెట్టి, పెరట్లో కట్టెయ్యాలి. వీధి సంక్షేమ సంఘం వారు వచ్చే వేళకు అది ఒళ్లెరుగని నిద్రలో ఉండాలి. వారు కిటికీలోంచి ఆ శాంతమూర్తిని దర్శించి, టీ తాగి, ఇంత సాధుజంతువు మీద ఫిర్యాదు ఎవరు చేశారబ్బా అని తమలో తాము అనుకుంటూ వెళ్లిపోవాలి. ఉద్యోగకాలమంతా తలుపులకూ తాళాలకూ అధిపతిగా ఉండి విరమించిన మనిషి కావడం వల్ల, లోకంలో ప్రతి పనీ గొళ్లెంలో గొళ్లెం పడ్డట్టు సాగుతుందని ఆయన విశ్వాసం.

ఇక ఆ కుక్క సంగతి. అది నిలబడితే భోజనాల బల్ల మీద ఏమున్నదో మెడ ఎత్తకుండానే చూడగలదు. తండ్రి కాపలాకు పేరుమోసిన భారీ జాతి. తల్లిది ఏ జాతో ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినవారితో అదీ మంచి కుటుంబమేనని మాట దాటవేసేవారు. దానికి దుర్గపాలుడని గంభీరమైన నామకరణం చేశారు. ఆ పేరుతో పిలిచినప్పుడు అది ఏనాడూ చెవి కదిలించిన పాపాన పోలేదు. భార్య మాత్రం దాన్ని బుజ్జి అనేది. కుక్కలంటే తనకు గిట్టదని ఆ ఇల్లాలు దినమూ ప్రకటిస్తుంది; ప్రకటిస్తూనే దాని అన్నంలో కోడిగుడ్డు కలుపుతుంది, చెవుల వెనక పిడుదులు ఏరుతుంది, దుప్పట్ల మీదా సోఫా మీదా ఆఖరికి పాలగిన్నె మూత మీదా పేరుకునే బొచ్చును తిట్టుకుంటూ దులుపుతుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కుక్క ప్రమాదకరమని సంఘం ముందుకు వచ్చిన సాక్ష్యమంతా సూపరింటెండెంటు గారు స్వహస్తాలతో సమకూర్చినదే. గేటుకు 'కుక్క ఉన్నది, జాగ్రత్త' అనే పలక. దాని అక్షరాలు పక్క వీధివారికి కూడా ఉపకరించేటంత పెద్దవి. ముందుగదిలో అద్దం బిగించిన చట్రంలో ఒక బూడిదరంగు గుడ్డముక్క. ప్రహరీ దూకి వచ్చిన దొంగ తొడ మీంచి దుర్గపాలుడు సంపాదించినదని దాని చరిత్ర. వచ్చినవారికల్లా ఆయన ఆ చరిత్ర వినిపించేవారు. వినిపించిన కొద్దీ దొంగ పొడుగు పెరుగుతూ వచ్చింది. ఈ మధ్యనే వాడి చేతికి కత్తి కూడా వచ్చింది. ఇదంతా సావధానంగా విన్న సంఘాధ్యక్షుడు, విశ్రాంత హెడ్మాస్టరు, ఇవాళ దొంగ తొడ పట్టుకున్న కుక్క రేపు తన తొడ పట్టుకోదని పూచీ ఏమిటని అడిగాడు. కార్యవర్గం వచ్చి చూస్తుందని, ప్రమాదమని తేలితే కుక్క వీధిలో ఉండడానికి వీల్లేదని కబురు వచ్చింది. ఊరి బయట కోళ్లఫారం ఉన్న బావమరిది, తనకిచ్చెయ్యమని అప్పుడే రెండుసార్లు ఫోను చేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి సూపరింటెండెంటు గారికి ముద్ద దిగడం లేదు. చలి రోజుల్లో ఆయన తన శాలువా తీసి కప్పేది ఆ ప్రాణికేనన్న సంగతి వీధికి తెలియదు.

"ఆ గుడ్డముక్క సంగతి నిజం చెప్పెయ్యండి. గొడవ వదిలిపోతుంది," అన్నది భార్య.

"చెప్పాక వీధిలో తలెత్తుకు తిరగొద్దా?"

"తల సంగతి తరవాత చూసుకోవచ్చు. ముందు బుజ్జి ఉంటుందిగా."

నిజం అవసరం లేకుండా నిద్రతోనే పని జరుగుతుందని ఆయన అన్నారు. 

వంతెన దాకా ఆయన కుక్కను నడిపించారు. తిరుగుదారిలో అది ఆయనను నడిపించింది. స్నానఘట్టంలో ఎవరు ఎవరికి స్నానం చేయించారన్నది చెప్పడం కష్టం. అది విదిలించుకున్నప్పుడు పెరటి గోడలతో సహా ఆయనా తడిసిపోయారు. దువ్వెన నిండా బొచ్చు, బకెట్టు నిండా బొచ్చు, ఆయన నోట్లో కొంత. గిన్నె ఖాళీ చేశాక కుక్కను కుళాయి గొట్టానికి కట్టి, ఒక్క క్షణం నడుము వాల్చుదామని పెరటి మెట్ల మీద కూర్చుని గోడకు తల ఆనించారు. పథకం ప్రకారం నిద్ర పట్టింది. అయితే పట్టింది ఆయనకు. తడి మెడకు మెడపట్టీ నిలవదన్న సంగతి తాళాల శాస్త్రంలో ఎక్కడా లేదు. కుక్క తల వెనక్కి లాక్కుని, పట్టీని గొట్టానికే వదిలి, ఇంటి ముందుకు నడిచింది.

అప్పటికి కార్యవర్గం గేటు ముందు నిలిచిన మురుగునీటిని గెంతి దాటి, పలక చదువుతూ నిలబడింది. తరువాత తెలిసిన వివరాలను బట్టి, ముందు లోపలికి వెళ్లవలసింది కార్యదర్శేనని అధ్యక్షుడు నిబంధన చూపించాడు. కార్యదర్శి పళ్ల డాక్టరమ్మ. ఎందరి నోళ్లలోనో చెయ్యి పెట్టిన మనిషి గనుక ధైర్యంగానే వెళ్లింది. తిరిగి రాలేదు. ఆమెను చూసి రమ్మని కోశాధికారిని, అనగా బట్టల కొట్టు సావుకారును పంపించారు. ఆయనా తిరిగి రాలేదు. బయట ఒంటరిగా నిలబడ్డ హెడ్మాస్టరుకు, లోపల టీలు, బిస్కెట్లు తనను వదిలేసి నడుస్తున్నాయన్న అనుమానం కలిగింది. మర్యాద దక్కడం లేదన్న బాధ భయాన్ని జయించింది. ఆయన కూడా గేటు తీశాడు.

కుక్క మొరగలేదు, కోర చూపలేదు. పెళ్లివారిని కుర్చీల దగ్గరికి తీసుకువెళ్లే పెద్దమనిషిలా పక్కన చేరి, తన మహాపార్శ్వంతో మెల్లగా తోసుకుంటూ ఒక్కొక్కరినే ముందుగదిలోకి తెచ్చి కూర్చోబెట్టింది. లేవబోయినవారికి తానూ లేచి అడ్డు నిలిచింది. వీధి తలుపు వైపు చూసినా, పెరటి తలుపు వైపు చూసినా, చూపు కన్నా ముందు అదే అక్కడ ఉంటోంది.

సూపరింటెండెంటు గారికి మెలకువ వచ్చింది హెడ్మాస్టరు గొంతుకు. ఒకప్పుడు బడి మొత్తాన్ని నిశ్శబ్దం చేసిన ఆ గొంతు ఇప్పుడు పక్కవారికి కూడా వినపడకుండా ఆయనను పిలుస్తోంది. పరుగెత్తి వెళ్లేసరికి, ఇద్దరు కూర్చునే సోఫాలో ముగ్గురు మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వీధి గడపకు అడ్డంగా దుర్గపాలుడు.

"దుర్గపాలా, లే," అన్నారాయన అధికార స్వరంతో. తోక రెండుసార్లు నేలను కొట్టింది. ఆ పైన కదలిక లేదు. చేతులతో లేపబోయారు. అది లేచింది, కానీ ప్రేమగా ఆయన మీదికి ఒరిగింది. ఆ బరువుకు ఆయన వెనక్కి వెళ్లి మిగిలిన కుర్చీలో పడ్డారు. కుక్క నలుగురి ముఖాలూ వరసగా చూసి, తృప్తిగా నిట్టూర్చి, మళ్లీ గడప మీద పడుకుంది.

గత్యంతరం లేక పశువుల డాక్టరుకు ఫోను చేశారు. కంగారులో ఏ మీట నొక్కారో, అవతలి గొంతు గదంతా వినిపించింది.

"అంకుల్, దాని తల్లి గొర్రెల మందలు కాసే జాతి అని అప్పుడే చెప్పాను కదా. ఎవరితోనూ అనొద్దన్నది మీరే."

సావుకారు మీసాల్లో నవ్వుకున్నాడు.

"లోపలికొచ్చినవాళ్లంతా ఇప్పుడు దాని మంద," అని డాక్టరు వివరించాడు. "కరవదు. మంద చెదిరితే మాత్రం ఊరుకోదు, మళ్లేసుకొస్తుంది."

"ఎంతసేపు?" అని హెడ్మాస్టరు అడిగాడు.

"మంద కుదురుకునేదాకా సార్."

తరతరాల పిల్లలను మంద అనే పిలిచిన హెడ్మాస్టరుకు అది తన దాకా రావడం రుచించలేదు. అవమానాన్ని దిగమింగడానికి పదవి ఒకటి ఉన్నది గనుక ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎలాగూ అందరం ఉన్నాం కాబట్టి ఇక్కడే సమావేశం ప్రారంభిస్తున్నానని, మొదటి అంశం ఈ జంతువేనని ప్రకటించి, గోడ మీది చట్రాన్ని వేలితో చూపించాడు. కుక్క తొడ పట్టుకున్నది వాస్తవమేనా, కాదా?

అలవాటు కొద్దీ సూపరింటెండెంటు గారి నోట్లో దొంగ అప్పుడే గోడ దూకుతున్నాడు. ఈలోగా సావుకారు లేవకుండానే మెడ సాచి చట్రాన్ని పరీక్షగా చూశాడు. వీధి వరసను బట్టి ఆయనకు ఈ ఇంటివారు అక్కా బావా.

"బావగారూ, ఈ గుడ్డ మా కొట్టుదే. ఈ సన్నగీత రకం ఒక్క తాను మాత్రమే తెప్పించాను. మీ రిటైర్మెంటు సభకి ప్యాంటు కుట్టించుకోవాలని మీరే తీసుకెళ్లారు."

సూపరింటెండెంటు గారికి మెరుపులా ఒక ఉపాయం తోచింది. దండెం మీది ఆ ప్యాంటును దొంగ అంతకు ముందే ఎత్తుకుపోయి, అదే తొడుక్కుని మళ్లీ వచ్చాడని చెబితే సరి. కథ నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. నిలవనిది ఒక్క కుక్కే. ఆయన కిందికి చూశారు. అది ఎప్పుడు జరిగి వచ్చిందో, ఆయన పాదం మీద గడ్డం ఆనించి, చొంగ కారుస్తూ పైకి చూస్తోంది.

"దొంగ లేడండీ," అన్నారాయన. "ప్యాంటు నాదే."

"మరి కుక్క ఎందుకు పట్టుకుంది?" అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"రిటైరైన మర్నాడు పొద్దున్నే తయారై బయల్దేరానమ్మా. అలవాటు చొప్పున గిడ్డంగికే. గేటు దాకా వెళ్లాను. అది వచ్చి ప్యాంటు పట్టుకుంది. నేను లాగాను, అదీ లాగింది. చిరిగాక గానీ నాకు గుర్తురాలేదు, వెళ్లడానికి అక్కడ నాకేమీ లేదని."

ఎవరూ నవ్వలేదు. సావుకారు కూడా మీసాలు సర్దుకున్నాడు. హెడ్మాస్టరు ఎందుకో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పదవీ విరమణ చేసిన మర్నాడు ఆయన ఎక్కడికి బయలుదేరాడో ఎవరూ అడగలేదు.

అయినా అధ్యక్షుడు అధ్యక్షుడే. తుది నిర్ణయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేస్తున్నానని లేచాడు. కుక్కా లేచింది. ఆయన కూర్చున్నాడు.

ఇక్కడ సంఘం చరిత్ర కొంత చెప్పక తప్పదు. అది పుట్టినప్పటి నుంచి ఏ అంశమూ ముగింపు చూడలేదు. మురుగు కాలువ మాట రాగానే సావుకారుకు కొట్టు తాళాలు గుర్తొచ్చేవి, ఆ కాలువకు అడ్డం ఆయన ఇంటి మెట్లే గనుక. వీధి దీపం ప్రసక్తి రాగానే డాక్టరమ్మకు ఎవరిదో పంటి నొప్పి గుర్తొచ్చేది, ఆ వెలుతురును మింగుతున్నది ఆమె ఆసుపత్రి పలక గనుక. మలుపులో ఏళ్ల తరబడి కదలని పాతకారు సంగతి ఎత్తగానే దాని యజమాని అయిన అధ్యక్షుడికే మాత్ర వేసుకునే వేళయ్యేది. ఒక్కరు లేచిపోతే కోరం లేదు. కోరం లేకపోతే తీర్మానం లేదు.

ఆ రోజు వాయిదా పడడానికి దారి లేకపోయింది. కాలువ అంశం రాగానే సావుకారు లేచాడు. కుక్క లేచి ఆయన నడుముకు భుజం ఆనించింది. మెట్లు కొట్టించడానికి ఆయన ఒప్పుకున్నాక గానీ పడుకోలేదు. డాక్టరమ్మ ఫోను మోగనే మోగలేదు, అయినా మోగినట్టే చెవి దగ్గర పెట్టుకుని లేవబోయింది. కుక్క ఆమె ముఖంలోకి అంత నమ్మకంగా చూసేసరికి సిగ్గుపడి, పలక దింపించుకుంటానన్నది. హెడ్మాస్టరు మాత్ర దగ్గర కొంత పోరాటం జరిగింది. జేబులోనే మాత్ర ఉన్నదని డాక్టరమ్మ చూపించింది, మంచినీళ్లు సావుకారు అందించాడు. కారు అమ్మకానికి ఆయన తల ఊపాడు. ఆఖరున మళ్లీ మొదటి అంశం వచ్చింది. కుక్క ఉండవచ్చునని, గేటు మీద భయపెట్టే పలక మాత్రం తీసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. ఏకగ్రీవం అనే మాట ఆ సంఘంలో వినపడడం అదే ప్రథమం.

అంతవరకు ముందుగది పక్కనే మేడమెట్ల మీద ఆరేసిన దుప్పట్లు మడతపెడుతున్న ఇల్లాలు అప్పుడు టీ పళ్లెంతో లోపలికి వచ్చింది. అందరూ తాగాక వంటింటి గుమ్మంలో నిలబడి, "బుజ్జీ, రా," అని గిన్నె మీద గరిటతో ఒక్కసారి కొట్టింది. ఆ మహాకాయం పిల్లిలా లేచి, తోక ఊపుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. వీధి తలుపుకు దారి ఖాళీ అయింది.

కార్యవర్గం వెళ్లాక సూపరింటెండెంటు గారు భార్య వెనకే వంటింట్లోకి వచ్చారు.

"అంటే, పిలిస్తే మొదట్లోనే వచ్చేసేదన్నమాట."

"వచ్చేసేదే."

"మరెందుకు పిలవలేదు?"

"గేటు ముందు ఆ మురుగు రెండేళ్లుగా తొక్కుతున్నానండీ," అన్నది ఆమె, కప్పులు కడుగుతూ. "కాలువ సంగతి తేలితే పిలుద్దామనుకున్నా. మధ్యలో మీరు నిజం చెప్పడం మొదలెట్టారు. అప్పుడు ఇక అసలు పిలవబుద్ధి కాలేదు."

చట్రం గోడ దిగింది. అందులోని ముక్క కుక్క పడక మీదికి చేరింది. సావుకారు మెట్లు తగ్గాయి, మురుగు కదిలింది, మలుపులో కారు ఉన్నచోట మొదటిసారి నేల కనిపించింది. ఆ వైభవం చూసి హెడ్మాస్టరు, ఇకమీదట ప్రతి నెలా సమావేశం ఆ ఇంట్లోనే, దుర్గపాలుడి సమక్షంలోనే జరగాలని శాసించాడు. వీధివారు గుంపుగా వచ్చి చూసే కుక్క తన ఇంట ఉండాలని కోరుకున్న సూపరింటెండెంటు గారి కోరిక ఆ విధంగా నెరవేరింది. టీ కప్పులు ఎవరు కడగాలన్న దాని మీద భార్య వేరే తీర్మానం చేసింది. దానికి కోరం అక్కరలేకపోయింది.

పాత పలక తీసెయ్యాలన్న సంఘం ఆజ్ఞను ఆమే స్వయంగా అమలుపరిచింది. పారేయడం దండగని, రంగు డబ్బా తెచ్చి అందులో ఒక్క మాట మార్చి మళ్లీ గేటుకు తగిలించింది: 'సమావేశం ఉన్నది, జాగ్రత్త.'