గోడమీది సింహానికి కన్ను పోయిన వైనం

బాబిలోను నగరం మొత్తమ్మీద నాకున్నంత చురుకైన బుర్ర ఇంకెవరికీ లేదు. ఈ సంగతి ఊళ్లో ఎవరూ చెప్పడం లేదు కనుక నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. పేరు రీముతు. పొట్టకూటికి పచ్చి ఇటుకల మీద రాజుగారి పేరు ముద్ర కొడతాను. మిగతా సమయమంతా అపరాధ పరిశోధన. ఇంతవరకు ఒక్క అపరాధమూ నా కంటబడలేదు, అది వేరే విషయం.

కొత్త సంవత్సరం ఊరేగింపు ఇంకా నాలుగు రోజులుందనగా ఆ లోటూ తీరింది. ఊరేగింపు వీధి గోడకు ఎక్కించాల్సిన ఆఖరి సింహం తాలూకు మెరుగు ఇటుకలు బట్టీ నుంచి వచ్చాయి. అందులో కన్ను ఉన్న ఇటుక లేదు.

"పక్కకి తిరిగి నడిచే సింహం! ఉన్నదే ఒక్క కన్ను, అదీ పోయింది!" మేస్త్రీ బలాతు నెత్తి బాదుకున్నాడు. "ముసలాడా, కాల్చడం మరిచిపోయావు కదూ?"

ముషేజీబు తాత ముఖం పాలిపోయింది. నలభై ఏళ్లుగా ఇటుకలకు రంగు మెరుగు పూస్తున్న మనిషి. "నా చేతుల్తో కాల్చాను మేస్త్రీ. మర్దుకు దేవుడి మీద ఒట్టు."

"ఒట్టుకి కనుపాప ఉంటుందా? ఇంకోటి చేసి రెండుసార్లు కాల్చే వ్యవధి లేదు. ఊరేగింపులోగా కన్ను దొరక్కపోతే మళ్లీ బట్టీ గడప తొక్కకు."

నేను గుండె విరుచుకుని ముందుకొచ్చాను. "మేస్త్రీ, ఈ కేసు నాకు వదిలెయ్యండి."

"నీకా?" అని బలాతు విసుగ్గా చెయ్యి విదిలించి వెళ్లిపోయాడు. దాన్నే నేను అనుమతి కింద తీసుకున్నాను.

అందరూ భోజనాలకు వెళ్లాక ఇటుకల కుప్ప దగ్గర చతికిలబడ్డాను. ఒకటి తిప్పి చూశాను. పై అంచున మూడు గీతలు, ఒక చుక్క! ఇంకోదాని మీద మూడు గీతలు, రెండు చుక్కలు! నా ఒళ్లు జలదరించింది. గూఢలిపి! సాక్షాత్తూ మన గోడలోంచే శత్రురాజుకు రహస్య సందేశం! కన్ను ఇటుక మీద వేగులవాడి పేరు ఉండి ఉంటుంది, అందుకే మాయం చేశారు.

ఇక ఆలస్యం చెయ్యలేదు. అతికించడానికి కాచి ఉంచిన తారు పక్కనే ఉంది. ఒక్కో గుర్తు మీదా దట్టంగా పూసి దేశాన్ని కాపాడాను. చేతులు కాలాయి. అయినా సహించాను.

అంతలో తాత వచ్చాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కుట్ర భగ్నం చేస్తున్నాను తాతా. ఈ గీతలు, ఈ చుక్కలు..."

"ఒరే దరిద్రుడా!" తాత నేలమీద కూలబడ్డాడు. "గీతలు వరుస, చుక్కలు చోటు! ఏ ఇటుక ఎక్కడ పెట్టాలో తాపీవాళ్లకు నేను రాసిచ్చిన గుర్తులురా అవి!"

మేస్త్రీతో పాటు భోజనాల నుంచి తిరిగొచ్చిన తాపీవాళ్లు కంగారుగా ఇటుకలు నేలమీద పేర్చి చూశారు. సింహానికి తోక ముక్కులోంచి వచ్చింది. జూలు పొట్టకింద వేలాడింది. మేస్త్రీ పార అందుకున్నాడు.

అపరాధ పరిశోధకుడికి వేగం చాలా అవసరం. వీధి మలుపులో తారు అంటుకున్న కాలు జారి, బుసాస అక్క కల్లు అంగట్లోకి దొర్లుకుంటూ వెళ్లాను. పెద్ద జాడీ బోర్లాపడి యవల కల్లంతా నామీద ఒలికింది. జాడీ ఉన్న చోట నీలిరంగు ఇటుక ఒకటి నావైపు కన్నెర్రజేసి చూస్తోంది. సింహం కన్ను!

"అక్కా, ఇదెక్కడిది?"

"పొద్దున ఇటుకల బండిమీంచి పడిపోయింది. జాడీ ఊగుతోందని కింద పెట్టుకున్నా. నా కల్లు సంగతి చెప్పు ముందు!"

ఇటుకను రెండు చేతులా పైకెత్తి మేస్త్రీ ముందుకు నడిచాను. "సూక్ష్మ పరిశీలన, నిశిత తర్కం..."

"తర్కమా! తలకిందులుగా వచ్చి నా జాడీ మీద పడ్డాడు!" వెనకే వచ్చిన బుసాస అరిచింది.

తాత ఎవర్నీ పట్టించుకోలేదు. ఆ కన్ను తుడిచాడు. బలాతు పార దించాడు. "పెద్దాయనా, నోరు జారాను," అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు నేను ఒక్కో ఇటుకా ఎత్తి చూపించాను. తాత దాన్ని చూసి, కళ్లు మూసుకుని సింహాన్ని గుర్తుకు తెచ్చుకుంటూ చోటు చెప్పాడు. మధ్యమధ్యలో నన్ను తిట్టాడు. అలుపు తెలియకుండా తిట్టాడు.

ఊరేగింపు రోజున మా సింహం నోరు తెరుచుకుని గోడమీద ఠీవిగా నడుస్తోంది. జనం ఆగి ఆగి చూస్తున్నారు. తాత నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"రేపట్నుంచి నా దగ్గర పనిలో చేరు. గుర్తులు చదవడం నేర్పిస్తాను."

నా ఛాతీ పొంగింది. "నా ప్రతిభ గుర్తించావా తాతా?"

"లేదురా," అన్నాడు సింహం మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు నా కళ్లెదుట ఉంటేనే నా ఇటుకలకు క్షేమం."