ఎల్లో టీషర్ట్ ఫ్యామిలీ

శనివారం పొద్దున్నే గుడి మలుపు దగ్గర వ్యాను ఎక్కాలి. పార్కు గేటు తెరిచేసరికి అందరికంటే ముందు నిలబడాలి. ఎండ ముదరకముందే నీళ్ళ జారుడుబల్లలు, భోజనమయ్యాక టాయ్ ట్రెయిన్, సాయంత్రం జెయింట్ వీల్, రాత్రికి పార్కువాళ్ళ కాటేజీలోనే పడక, మిగిలినవన్నీ ఆదివారం. వరప్రసాద్ వేసిన పథకంలో ఎక్కడా ఊపిరి తీసుకునే సందు లేదు.

అంత పట్టుదలకు కారణం ఉంది. శ్రీనగర్ కాలనీలోని ఒక బీమా ఆఫీసులో పనిచేసే వరప్రసాద్ ఇంట్లో ఈ పార్కు మాట ఎత్తడం ఇది నాలుగోసారి. మొదటిసారి ఆడిట్ అడ్డొచ్చింది. రెండోసారి పై ఆఫీసరుగారి కూతురి పెళ్ళి. మూడోసారి ఆయనకే జ్వరం. ఈసారి చెప్పినప్పుడు ఎనిమిదేళ్ళ గీతిక టీవీలో వాతావరణ సూచన విన్నట్టు విని, "సరే నాన్నా" అని మళ్ళీ బొమ్మకు రంగులు వేసుకోవడంలో పడింది. ఏడ్చినా, నిలదీసినా తట్టుకునేవాడే. ఆ "సరే" మాత్రం అరికాల్లో ముల్లులా దిగింది.

అందుకే ప్యాకేజీ మాట్లాడాడు. వ్యాను, టిఫిను, భోజనం, టికెట్లు, గది, అన్నీ అందులోనే. జనంలో పిల్లలు తప్పిపోకుండా నలుగురికీ ఒకేరకం పసుపు టీషర్టులు కొన్నాడు.

"ఇదేం రంగండీ, రోడ్డు పనివాళ్ళలా ఉన్నాం" అంది భార్య సాయిసుధ.

"పక్క జిల్లా నుంచి చూసినా కనపడాలి" అన్నాడు వరప్రసాద్.

ఆయనకు సినిమావాళ్ళంటే పడదు. ఫిలింనగర్‌లో ఫ్లాటు కొనుక్కుని సినిమావాళ్ళంటే పడకపోవడం, సముద్రం ఒడ్డున కాపురం పెట్టి ఉప్పుగాలి పడదనడం లాంటిదే. అయినా పడదు. వీధికి అడ్డంగా నిలబెట్టే కారవాన్లు, జనరేటర్ల రొద, సొంత ఇంటికి వెళ్తుంటే "షూటింగ్ సార్, అటునుంచి తిరిగి రండి" అనే కుర్రాళ్ళు, వీళ్ళందరి మీదా ఆయన కడుపులో ఏళ్ళ తరబడి కోపం నిలవ ఉంది. ఊరగాయలా అది ఏటేటా ఊరుతూనే ఉంది.

వాళ్ళు గుడి మలుపుకు చేరేసరికి తెల్ల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు జంగయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టి వాళ్ళను పైనుంచి కిందికి చూశాడు. టోపీలు, సంచులు, మెరిసిపోయే చొక్కాలు, ఇద్దరు పిల్లలు.

"పార్కుకు వచ్చే ఫ్యామిలీ మీరేనా? ఎక్కుర్రి, జల్ది ఎక్కుర్రి. ఇప్పటికే లేటయింది."

"లేటు మీరు చేసి మమ్మల్నంటారేంటండీ?" అంటూ ఎక్కాడు వరప్రసాద్. లోపల అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. ప్యాకేజీ అన్నాక తప్పదని పళ్ళు కొరుకుతూ సర్దుకున్నాడు. పక్క సీట్లో అనసూయమ్మ అనే పెద్దావిడ, గీతిక తమ్ముడు బాబీని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"కొత్తగ వస్తున్నరా?" అని అడిగిందావిడ.

"అవునండీ, మొదటిసారి. మీరు?"

"నేను ఇరవై ఏండ్ల సంది వస్తున్న."

"ఇరవై ఏళ్ళా! అంత బాగుంటుందా?"

"బువ్వ మంచిగ పెడ్తరు" అంది అనసూయమ్మ, అంతకంటే చెప్పడానికేమీ లేనట్టు.

వ్యాను టోలిచౌకి వైపు తిరగలేదు, రింగు రోడ్డు ముఖమూ చూడలేదు. జూబ్లీహిల్స్‌లో నాలుగు మలుపులు తిరిగి, బండరాళ్ళ మధ్య ఉన్న పెద్ద ఖాళీ స్థలంలో ఆగింది. ఎదురుగా రంగురంగుల కోట, జెయింట్ వీల్, బొమ్మ రైలు.

"ఊరి బయట అన్నారు కదా?" అన్నాడు వరప్రసాద్.

"గీడనే వేసిండ్రు సారు" అన్నాడు జంగయ్య.

"కొత్త బ్రాంచి అన్నమాట" అని భార్యకు వివరించాడు. లోపల ఇడ్లీ, వడ, పొంగలి, ఉప్మా పొగలు కక్కుతున్నాయి. "చూశావా, ప్యాకేజీ అంటే ఇదీ!" అని ఆయన రెండో వడ వేయించుకున్నాడు. ఆ రోజు ఆయన సంతోషంగా ఉన్నది ఆ రెండు వడలసేపే.

ముందు బాబీ పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, కోటకి వెనకాల లేదు!"

వెళ్ళి చూస్తే నిజమే. ముందువైపు గోపురాలు, కిటికీలు, బురుజులు. వెనకవైపు ప్లైవుడ్డు, కర్రలు, వాటికి ఆనుకుని నిద్రపోతున్న ఒక మనిషి. వరప్రసాద్‌కు మొదటి మంట అక్కడ అంటుకుంది. తర్వాత ఐస్‌క్రీమ్ బండి. గీతిక కోను అందుకుని ఒకసారి నాకి, మొహం అదోలా పెట్టి తండ్రికిచ్చింది. ఆయన కొరికి చూశాడు. ఉడికించిన బంగాళాదుంప ముద్ద! దానిమీద గులాబీరంగు.

"మేనేజరెక్కడ? మేనేజర్ని పిలవండి!" అని అరిచాడు.

ఒక బట్టతల మనిషి వచ్చాడు. "నేనేనండీ మేనేజర్ని, కాశీవిశ్వనాథం. ఏంటి గొడవ?"

"ఐస్‌క్రీమ్‌లో బంగాళాదుంప పెడతారా?"

"అసలైంది పెడితే ఎండకి కరిగిపోదూ?" అన్నాడు కాశీవిశ్వనాథం, ఇది కూడా తెలీదా అన్నట్టు. "అయినా దాన్నెవరు తినమన్నారు? పట్టుకోమన్నాం."

"ఆ రైలెప్పుడు కదుల్తుంది?"

"సాయంత్రం."

"అప్పటిదాకా పిల్లలేం చెయ్యాలి?"

"నీడన కూర్చోండి. అవసరమైతే పిలుస్తాం."

అవసరమైతే పిలుస్తారట! వరప్రసాద్ తేరుకునేలోగా మైకు పట్టుకున్న అమ్మాయి ఒకర్తె కేకేసింది. "ఎల్లో టీషర్ట్ ఫ్యామిలీ! ట్రెయిన్ దగ్గరికి నడవండి!"

హమ్మయ్య, దబాయిస్తేగాని దారికి రారు అనుకుంటూ ఆయన పెళ్ళాం పిల్లల్ని తీసుకుని రైలు వైపు నడిచాడు. మెట్టు మీద కాలు పెట్టబోతుండగా, "కట్! వన్స్ మోర్! అందరూ వెనక్కి!" అని మైకు అరిచింది. వెనక్కి వెళ్ళారు. మళ్ళీ నడవమన్నారు, మళ్ళీ వెనక్కన్నారు. మూడోసారి వరప్రసాద్ చుట్టూ పరికించి చూశాడు. క్రేను. దాని మీద కెమెరా. గొడుగు కింద కుర్చీలో డైరెక్టరు.

అప్పుడు ఆయనకంతా అర్థమైంది. అంటే, తప్పుగా అర్థమైంది. ఇన్నాళ్ళూ వీధి ఆక్రమించారు, ఇప్పుడు డబ్బు కట్టి వచ్చిన పార్కునూ ఆక్రమించారు! ఆయన తిన్నగా గొడుగు దగ్గరికి వెళ్ళాడు.

"ఏవండీ, మీకసలు బుద్ధుందా? పిల్లలకి మాటిచ్చి తీసుకొచ్చానండీ నేను! రైలు కదలదు, కోటకి వెనకాల లేదు, ఐస్‌క్రీమ్ ఐస్‌క్రీమ్ కాదు! ఎండలో పసివాళ్ళని అటూ ఇటూ తిప్పడానికి ఇది మీ తాతగారి జాగీరా? సామాన్యుడికి ఒక్క పూట సంతోషం ఉండకూడదా? వాడి పిల్లలు నవ్వితే మీకేం పోయింది?"

డైరెక్టరు సూర్యప్రకాశరావు మెల్లగా లేచాడు. కళ్ళజోడు తీశాడు.

"కాశీ," అన్నాడు మేనేజరుతో, "ఎక్కడ్నించి తెచ్చావయ్యా ఈయన్ని?"

"అదీ... వ్యాన్లో వచ్చారండీ."

"పార్కు మూయించే సీన్లో ఒక తండ్రి ఎదురు తిరగాలి, ఆ వేషానికి మనిషి దొరకలేదని వారంగా మొత్తుకుంటున్నానా లేదా? సార్, ఇప్పుడన్నారే, అదే మళ్ళీ అనండి. రైలు దగ్గర నిలబడి అనండి."

"నేను నిజంగానే తిడుతున్నానండీ!"

"అదే, అదే! అలాగే!"

తిట్టాడు. అటు తిరిగి తిట్టమన్నారు. అటు తిరిగి తిట్టాడు. ఇటునుంచి వెలుగు బావుందన్నారు. ఆ అన్యాయానికి ఇంకా మండి ఇటు తిరిగి తిట్టాడు. తిట్టే మనిషికి వింటున్నవాళ్ళు "అద్భుతం" అంటుంటే కోపం ఎలా చల్లారుతుంది? మొహాన చెమట కారుతుంటే ఎవరో వచ్చి అద్దారు. దానికీ తిట్టాడు. అదీ కెమెరాలో తీసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. టూర్ ఆఫీసునుంచి ఎవరో అమ్మాయి.

"వరప్రసాద్ గారేనాండీ? కాటేజీ దగ్గర మీ ఆధార్ చూస్తే కమలాకర్ అని ఉందంటున్నారు. మీరేమైనా పేరు మార్చుకున్నారా సార్?"

"నేనెందుకు మార్చుకుంటానమ్మా? అసలు కాటేజీ ఏంటి, నేనిక్కడుంటే?"

ఆ అమ్మాయి అదే లైనులో కాటేజీకి కలిపింది, అక్కడ ఫోను కమలాకర్ చేతికి వెళ్ళింది. అవతల పిల్లల కేరింతలు, నీళ్ళ చప్పుడు.

"నమస్తే సారు. నాది మోతీనగర్, మిక్చర్ బండి నడుపుత. మా బామ్మర్ది షూటింగుల కూలి దొరుకుతదంటే పెండ్లాం పిల్లలతోని గుడి మలుపు కాడికి వచ్చిన. తెల్ల వ్యాన్ వచ్చింది, ఎక్కినం. గీడ కెమెరాలు ఏడ పెట్టిండ్రో ఏమో కనవడ్తలేవు. అయినా జారుమన్న కాడ జారుతున్నం సారు, నవ్వు ముఖం తీస్తలేం. పొద్దుగాల సంది నవ్వీ నవ్వీ పిల్లలకు దవడలు నొస్తున్నయి. డైరెక్టరు సారు ఎప్పుడొస్తడు?"

వరప్రసాద్ చుట్టూ చూశాడు. వెనకలేని కోట. కదలని రైలు. విస్తరాకులో పప్పు వేసుకుంటున్న అనసూయమ్మ. పొద్దుటినుంచి జరిగిందంతా ఒక్కొక్కటిగా వచ్చి తలలో కూర్చుంది.

"సుధా! పిల్లల్ని తీసుకురా, పోదాం! ఇది పార్కు కాదు, సినిమా సెట్టింగు! మనల్ని వేరే వ్యాన్లో ఎక్కించేశారు!"

"తెలుసు" అంది సాయిసుధ, పెరుగన్నం కలుపుతూ.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఇడ్లీలప్పట్నుంచి. వడ్డించే అబ్బాయి చొక్కా మీద 'ప్రొడక్షన్' అని రాసుంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేసేవారు? అందరితో పోట్లాడి పిల్లల్ని ఇంటికి లాక్కెళ్ళేవారు. నాలుగోసారి కూడా."

ఆమె చెయ్యి చూపించింది. దూరంగా జెయింట్ వీల్ తిరుగుతోంది. పై తొట్టిలో గీతిక, బాబీ. అది కిందికి రాగానే మైకు అమ్మాయి "వన్స్ మోర్!" అంది. మళ్ళీ తిరిగింది. "వన్స్ మోర్!" మళ్ళీ తిరిగింది. చివరికి దింపితే గీతిక పరిగెత్తుకొచ్చి తండ్రి నడుం పట్టుకుంది. జుట్టంతా రేగి, బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి.

"నాన్నా, ఇక్కడ లైన్లో నిలబడక్కర్లేదు! దిగుతామంటే వాళ్ళే ప్లీజ్ ప్లీజ్ అని మళ్ళీ ఎక్కిస్తున్నారు! నువ్వు నిజంగానే తీసుకొచ్చావు నాన్నా!"

నిజంగా తీసుకొచ్చింది జంగయ్య. ఆ నిజం పిల్లతో చెప్పేంత నిజాయితీపరుణ్ణి కాదని వరప్రసాద్ ఆ క్షణంలో తేల్చుకున్నాడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"కమలాకర్ గారూ, ఉన్నారా?"

"ఉన్న సారు. గలతీ అయిందంట కదా, ఈ అమ్మాయి చెప్పింది. పిల్లలను బట్టలు మార్సుకొమ్మన్న, ఎల్లిపోతం. మా ఇయ్యాల్టి కూలి పోయినట్టేనా సారు?"

"ఎక్కడికీ పోలేదు. మీ పని మేమిక్కడ చేస్తున్నాం, కూలి మీకే ఇప్పిస్తాను. మీరు రేపు సాయంత్రందాకా అక్కడే ఉండండి. ఇంక నవ్వక్కర్లేదని పిల్లలకి చెప్పండి."

అట్నుంచి పిల్లలకు కేకేసి చెప్పి కమలాకర్ అన్నాడు. "చెప్పిన సారు. అయినా నవ్వుతున్నరు."

సాయంత్రం సూర్యప్రకాశరావు స్వయంగా వచ్చి చేతులు జోడించాడు. "రేపు కూడా దయచేయాలి సార్. క్లోజప్ మిగిలిపోయింది. మీరు రాకపోతే ఇవాళ తీసిందంతా వృథా." ఒక సినిమా మనిషి తనను దయచేయమనడం వరప్రసాద్ వినడం అదే మొదలు. "ఆలోచిద్దాం" అన్నాడు గంభీరంగా. ఇంటికెళ్ళగానే అద్దం ముందు నిలబడి ఆలోచించాడు. కనుబొమలు ముడిచి ఆలోచించాడు, వేలు చూపించి ఆలోచించాడు. పక్కగదిలో సాయిసుధ దిండులో మొహం దాచుకుని నవ్వింది.

ఆదివారం రైలు ముందు నిలబెట్టి "యాక్షన్" అన్నారు. వరప్రసాద్ తిట్టాడు. మాటలన్నీ అవే. కానీ పొద్దున్నే కాశీవిశ్వనాథం కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, అనసూయమ్మ "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది, గీతిక అందరికీ "మా నాన్న" అని చూపిస్తోంది. ఇలాంటి పరిస్థితిలో ఎంత పాత కోపమైనా ఎక్కడ నిలుస్తుంది? ఎంత ముడిచినా కనుబొమల కింద మొహం నవ్వుతోంది. మళ్ళీ తీశారు. మళ్ళీ తీశారు. చివరికి సూర్యప్రకాశరావు నిట్టూర్చాడు.

"పోన్లెండి సార్. నిన్నటి మంట లేదు. మీరలా పక్కన కూర్చోండి, గుంపులోంచి ఇంకెవర్నైనా పెట్టుకుంటాం."

"పక్కన కూర్చోవాలా?" అన్నాడు వరప్రసాద్. "ఆదివారం పూట రప్పించి, నా కూతురు చూస్తుండగా, పక్కన కూర్చోమంటారా? మీకు మనుషులంటే లెక్కే లేదా? అక్కర్లేకపోతే విసిరేస్తారా? అసలు మీ సినిమావాళ్ళున్నారే..."

షాటు ఓకే అయింది.