అరిస్తేనే వెలిగే లైటు

మావారిలో లోపమంటూ ఉంటే ఒక్కటే. ఇంట్లో ఏ వస్తువైనా బాగా పనిచేస్తుంటే చూసి ఓర్వలేరు.

అయినా చెబుతున్నాను, వినండి. కేకేస్తే వెలిగే లైటు ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలి! ముఖ్యంగా కోడళ్లున్న ఇళ్లలో!

మావారు హనుమకొండలో ఫిజిక్సు లెక్చరర్. ఏదో మ్యాగజైన్‌లో బొమ్మ చూసి, మా టేప్‌రికార్డర్ పొట్ట కోసి మైకు తీసి, నెల రోజులు ఇల్లంతా టంకం పొగ పెట్టి ఒక డబ్బా తయారుచేశారు. గట్టిగా అరిస్తే హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుతుంది. మళ్లీ అరిస్తే ఆరుతుంది. ఇక గోడమీది స్విచ్చి దేనికని పీకి పారేశారు. 1984లో కూడా చేత్తో లైటు వేసుకోవడమా? నామోషీ కాదూ!

లాభాలు ఒకటా రెండా? కుక్కర్ మూడు కూతలు కూస్తే లైటు వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంది. పప్పు సంగతి హాల్లోనే తెలిసిపోతుంది! మామగారు దగ్గినా వెలుగుతుంది. కాకపోతే ఆయన ఒక్క దగ్గుతో ఆగే మనిషి కాదు. వీధిలో పెళ్లి బరాత్ వెళ్లిన రోజు మా హాలు చూడటానికి పక్కింటి చిలుకమ్మ పిల్లలతో సహా వచ్చింది.

నా గొంతుకు మాత్రం వెలగదు.

మావారు దాన్ని తన గొంతుకు సరిచేశారు మరి, వెనక బెంచీ దాకా పాఠం వినిపించే గొంతుకు! నేనేమో మామగారు కూర్చున్న హాల్లో పదకొండేళ్లుగా గుసగుసలాడుతున్న కోడలిని. సాయంత్రం వంట మొదలుపెట్టేలోగా అక్కడే ఓ గంట లైబ్రరీ పుస్తకం చదువుకుంటాను. నా బీఏకు మిగిలింది ఆ గంటే. మావారు ట్యూషన్లు ముగించుకుని వచ్చేది ఎనిమిదికి. అప్పటిదాకా చీకటే.

"పాత స్విచ్చి మళ్ల పెట్టుండ్రి" అన్నాను.

"మిషిన్ మంచిగనే ఉన్నది. నీ గొంతే చిన్నగున్నది."

ఆరుసార్లు అడిగాను. ఆరుసార్లూ మిషను నిర్దోషి!

ఓ సాయంత్రం మా అత్తగారు లక్ష్మీనర్సమ్మకు ఓపిక నశించింది. "దీపాలు పెట్టే యాళ్లకు ఇల్లు గిట్ల చీకటుంటదా? నాకు దమ్ము చాలదు. నువ్వు ఒర్రు పిల్లా!"

"మామయ్య ఉన్నరు గద అత్తమ్మా..."

"ఉంటే ఉండనీ! ఇంక జర గట్టిగ!"

కాపురానికొచ్చిన మొదటి రోజు "మామ ఉన్నడు, మెల్లగ మాట్లాడు" అని నేర్పింది ఈ నోరే సుమండీ!

అరిచాను. వెలిగింది. మర్నాడూ అరిచాను. మామగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. నాలుగో రోజుకు నా గొంతు నాకే నచ్చడం మొదలైంది!

ఆదివారం సాయంత్రం మావారు లైటు కింద పరీక్ష పేపర్లు దిద్దుతుండగా ఏడోసారి అడిగాను, కొత్తగా దొరికిన గొంతుతో.

"పాత స్విచ్చి ఎప్పుడు పెడుతరు?"

లైటు ఆరింది.

"నెల రోజుల సంది అడుగుతున్న!"

వెలిగింది. మావారి ఎర్ర పెన్ను గాలిలోనే ఉంది.

"ఈ ఇంట్ల నా మాట వినాల్నంటే రోజు ఒర్రాల్నా?"

ఆరింది. వీధిలో రెండు తలుపులు తెరుచుకున్న చప్పుడు.

చీకట్లోంచి ఓ గొణుగుడు వచ్చింది. "సరే తియ్... తప్పు నాదే."

"ఏమన్నరు?" అన్నాను ఎంతో మెల్లగా. "లైటు రాలేదు. జర గట్టిగ చెప్పుండ్రి."

"తప్పు నాదే!"

ట్యూబ్‌లైటు రెండుసార్లు తడబడి, వెలిగింది.